దగ్గు వెనకున్న పనిని వెతికిన డాక్టరమ్మ

మదనపల్లె చుట్టుపక్కల పుట్టి పెరిగిన వాళ్లకి దగ్గు అనగానే గుర్తొచ్చే ఊరు ఒకటుంది... ఆరోగ్యవరం! 1915లో అక్కడ క్షయ శానటోరియం మొదలైన దగ్గర్నుంచి ఎక్కడెక్కడి వాళ్లో రోగుల్ని వెంటబెట్టుకుని వచ్చేవాళ్లు. సరైన మందులు లేని ఆ రోజుల్లో మంచి గాలి, మంచి తిండి, విశ్రాంతి... ఇవే వైద్యం. అందుకేనేమో పెద్దతిప్పసముద్రం నుంచి పుంగనూరు, కుప్పం దాకా ఏ ఇంట్లో ఎవరికి దగ్గు తగ్గకపోయినా పెద్దవాళ్లు మొదట అనుమానపడేది క్షయనే. ఆ అనుమానం మంచిదే. రెండు వారాలు దాటిన దగ్గుకి కఫం పరీక్ష చేయించాల్సిందే.

అయితే క్రిమి వల్ల కాక, చేసే పని వల్ల వచ్చే దగ్గు కూడా ఉంటుంది. వానలు సరిగా పడని మెట్ట ఊళ్ల నుంచి పని వెతుక్కుంటూ బెంగళూరు బస్సెక్కే మగవాళ్లకి మన వైపు కొదవ లేదు. వాళ్లలో ఎవరు ఏ షెడ్డులో చేరతారో, అక్కడ ఏం పీలుస్తారో ఇంట్లో వాళ్లకి తెలియదు. ఇనుము కరిగించి పోతపోసే ఫౌండ్రీలో చేరినవాడు కొన్నేళ్ల తర్వాత దగ్గుతో, ఆయాసంతో ఇల్లు చేరితే ఊళ్లో డాక్టరు చీటీ రాస్తాడు, టానిక్కు ఇస్తాడు. ఏం పని చేసేవాడివని మాత్రం చాలాసార్లు అడగడు.

ఆ ప్రశ్న కొత్తదేమీ కాదు. రోగిని చూడగానే వృత్తి ఏమిటో అడగాలని ఇటలీ డాక్టరు రామజ్జీని 1700లోనే పుస్తకం రాసి మరీ చెప్పాడు. ఆ మాటని పట్టుకుని ఫ్యాక్టరీల గుమ్మాలూ, కార్మికుల ఇళ్ల గుమ్మాలూ ఎక్కి దిగినావిడ ఇంకొకరున్నారు. ఆవిడే డాక్టర్ ఆలిస్ హామిల్టన్. అమెరికాలో పనివాళ్ల జబ్బుల వైద్యానికి పునాది వేసింది ఈవిడే.

పోతపనిలో ఏముంది?

ఆలిస్ కథలోకి వెళ్లేముందు ఫౌండ్రీ సంగతి కాస్త తెలుసుకుందాం. ఇంట్లో ఇనప పెనం, బోరింగు పంపు భాగాలు, మోటారు పైకప్పు... ఇలాంటివన్నీ పోతపనిలోనే తయారవుతాయి. ఇసకతో అచ్చు చేసి, అందులో కరిగిన లోహం పోస్తారు. చల్లారాక అచ్చు పగలగొట్టి వస్తువు బయటికి తీస్తారు. దానికి అంటుకున్న ఇసకని కొట్టి, రాకి, నున్నగా చేస్తారు. అచ్చు పగలగొట్టేటప్పుడూ, రాకేటప్పుడూ లేచే దుమ్ములో సిలికా ఉంటుంది. ఇసకలో ఉండేది అదే.

కంటికి కనిపించే దుమ్ము ముక్కులోనో గొంతులోనో ఆగిపోతుంది. కనిపించనిదే ప్రమాదం! మన తలవెంట్రుక మందంలో పదోవంతు కూడా లేని రేణువులు ఊపిరితిత్తుల అడుగుదాకా వెళ్లి అక్కడే ఉండిపోతాయి. వాటి చుట్టూ మచ్చకట్టి, మెత్తగా ఉండాల్సిన ఊపిరితిత్తులు గట్టిపడతాయి. దీన్నే సిలికోసిస్ అంటారు. మామూలుగా పదేళ్లు దాటాక బయటపడుతుంది. దుమ్ము మరీ ఎక్కువైతే అంతకన్నా ముందే రావచ్చు. వచ్చాక పోగొట్టే మందు ఇప్పటికీ లేదు. పని మానేసినా జబ్బు ముదరొచ్చు. పైగా సిలికోసిస్ ఉన్నవాళ్లకి క్షయ సులువుగా అంటుకుంటుంది. అందుకే ఈ రెండూ ఒకదాని చాటున ఒకటి దాక్కుంటాయి.

బడికి వెళ్లని చదువు

ఆలిస్ 1869 ఫిబ్రవరి 27న న్యూయార్క్‌లో పుట్టింది. పెరిగిందంతా ఇండియానా రాష్ట్రంలోని ఫోర్ట్ వేన్ అనే ఊళ్లో. నలుగురు అక్కచెల్లెళ్లు. ఎడిత్ పెద్దది, ఆలిస్ రెండోది, తర్వాత మార్గరెట్, నోరా. చాలా ఏళ్లకి ఒక తమ్ముడు పుట్టాడు. నాయనమ్మ ఇల్లు, పెదనాన్న ఇల్లు, వీళ్ల ఇల్లు అన్నీ పక్కపక్కనే. అన్నలు, అక్కలు, చెల్లెళ్లతో ఆ ఆవరణే వాళ్లకి ఒక ఊరు.

చిన్నప్పుడు పిల్లల్ని బడికి పంపలేదు. తండ్రికి భాషలన్నా సాహిత్యమన్నా ఇష్టం. ఇంట్లోనే చదువు చెప్పించారు. లెక్కలూ సైన్సూ మాత్రం అంతంత మాత్రమే! ఆలిస్‌కి పదిహేడేళ్లు నిండేలోపే తండ్రి టోకు కిరాణా వ్యాపారం దివాలా తీసింది. ఇక ఆడపిల్లలు తమ కాళ్ల మీద తాము నిలబడక తప్పదు. ఆ రోజుల్లో చదువుకున్న ఆడపిల్ల ముందు ఉన్న దారులు మూడే... టీచరు, నర్సు, డాక్టరు. ఎంత దూరదేశమైనా, ఎంతటి పేదవాడైనా, డాక్టరుకి ఎక్కడైనా పనుంటుంది కదా అనుకుని ఆలిస్ మూడోది ఎంచుకుంది.

అనుకోవడం తేలికే. ఫిజిక్సు, కెమిస్ట్రీ ఆవిడకి ఓనమాలతో సమానం. ఊళ్లో హైస్కూలు మాస్టారి దగ్గర అవి నేర్చుకుని, అక్కడి చిన్న వైద్య కళాశాలలో చేరి, ఆ తర్వాత మిషిగన్ విశ్వవిద్యాలయంలో 1893లో డాక్టరు పట్టా తీసుకుంది. నాడి పట్టి చూసే వైద్యం కన్నా ప్రయోగశాల మీదే మనసు పడింది. 1895లో అక్క ఎడిత్‌తో కలిసి జర్మనీ వెళ్లింది. అక్కడి విశ్వవిద్యాలయాలు ఆడవాళ్లని చేర్చుకోవు. వచ్చి పాఠం వినొచ్చు, కానీ ఎవరి కంటా పడకూడదట! అలా ఓ మూల ఒదిగి కూర్చుని క్రిముల శాస్త్రం నేర్చుకుని వచ్చిందావిడ.

హల్ హౌస్‌లో పాఠాలు

1897లో షికాగోలోని ఆడవాళ్ల వైద్య కళాశాలలో ప్రొఫెసరు ఉద్యోగం దొరికింది. ఉండడానికి ఆవిడ ఎంచుకున్న చోటు హల్ హౌస్. జేన్ ఆడమ్స్ తన స్నేహితురాలు ఎలెన్ స్టార్‌తో కలిసి 1889లో పేదల వాడ మధ్యలో ప్రారంభించిన సేవా నిలయం అది. చదువుకున్నవాళ్లు అక్కడే కాపురముండి చుట్టుపక్కల వాళ్లకి సాయపడాలి. ఇటలీ, గ్రీసు, పోలండు... ఇలా ఎక్కడెక్కడి నుంచో కూలికోసం వచ్చిన కుటుంబాలే చుట్టూ. ఒక్కో గదిలో ఒక్కో సంసారం. అక్కడ ఆలిస్ 22 ఏళ్లు ఉంది.

పగలు కళాశాల, మిగతా సమయంలో హల్ హౌస్‌లో పసిపిల్లల క్లినిక్కు. పిల్లలకి స్నానాలు చేయించడం, తల్లులకి జాగ్రత్తలు చెప్పడం. పళ్లు వచ్చేదాకా పిల్లలకి పాలు తప్ప ఏమీ పెట్టొద్దని పుస్తకంలో చదువుకున్నది చదువుకున్నట్టు చెప్పేది. తల్లులు తలూపి, ఇంటికెళ్లి తమకి తోచింది పెట్టేవాళ్లు. పిల్లలు బాగానే ఉండేవాళ్లు! కొన్నేళ్లకి వైద్యశాస్త్రమే తన మాట మార్చుకుంది. తనకన్నా ఆ తల్లులకే ఎక్కువ తెలుసునని ఆలిస్ ఒప్పుకుని తన మీద తనే నవ్వుకుంది.

ఇంకో పొరపాటూ ఉంది. 1902లో ఆ వాడలో టైఫాయిడ్ విరుచుకుపడింది. ఈగలే కారణమేమోనని ఆలిస్ మరుగుదొడ్ల దగ్గర ఈగల్ని పట్టి పరీక్షిస్తే క్రిములు కనిపించాయి. ఆ వ్యాసంతో ఎంతో పేరొచ్చింది. ఆరోగ్యశాఖలో కదలిక కూడా వచ్చింది. కానీ అసలు కారణం వేరే. మంచినీళ్ల గొట్టం దెబ్బతిని మురుగు కలిసింది, ఆ సంగతి అధికారులు దాచేశారు. తెలిశాక ఆలిస్ కుమిలిపోయింది. పేరొచ్చింది కదా అని ఊరుకోకుండా తన కారణం తప్పని ఆ తర్వాత నలుగురికీ చెప్పింది. మైక్రోస్కోపులో కనిపించిందే సర్వస్వం కాదని, రోగి ఉన్న చోటంతా చూడాలని ఆ దెబ్బతో తెలిసొచ్చింది.

ఆ వాడలో ఆవిడ కంటపడుతున్నవి మరికొన్ని ఉన్నాయి. నిన్నటిదాకా దుక్కల్లా ఉన్న మగవాళ్లు చేతులు పడిపోయి, రంగు మారి, దగ్గుతూ ఇంట్లో కూర్చుంటున్నారు. వాళ్ల భార్యలు ఇళ్లలో పాచిపనికి వెళుతున్నారు. ఎందుకిలా అయిందని ఎవరూ అడగరు. ఫ్యాక్టరీ వైపు వేలెత్తి చూపేవాళ్లు అంతకన్నా లేరు. వెతుక్కుని చదివితే ఇంగ్లండులో, జర్మనీలో ఈ జబ్బుల మీద పుస్తకాలున్నాయి. అమెరికాలో మాత్రం మా ఫ్యాక్టరీలు మంచివి, మాకు ఆ బాధ లేదన్న ధీమా తప్ప ఇంకేమీ లేదు.

గుమ్మం గుమ్మం తిరిగి...

1910లో ఇల్లినాయ్ రాష్ట్ర ప్రభుత్వం పనివల్ల వచ్చే జబ్బుల మీద సర్వే మొదలుపెట్టి ఆలిస్‌కి ఆ బాధ్యత అప్పగించింది. అమెరికాలో అలాంటిది అదే మొదటిది. అప్పటికి ఆవిడకి 41 ఏళ్లు. ఇత్తడి, జింకు, ఆర్సెనిక్ లాంటి వాటిని తలో డాక్టరూ పంచుకున్నారు. ఆలిస్ తీసుకున్నది సీసం.

ఎక్కడ మొదలుపెట్టాలి? ఏ పరిశ్రమలో సీసం వాడతారో చెప్పే జాబితా కూడా లేదు. ఆస్పత్రి పుస్తకాలు తిరగేస్తే రోగి పేరుంటుంది, జబ్బుంటుంది, పని ఉండదు. ఉన్నా కూలీ అని ఒక్కమాట! ఏ ఫ్యాక్టరీ, ఏ గది, ఏ పొడి... ఏమీ ఉండదు. దాంతో ఆలిస్ రోడ్డెక్కింది. మందుల షాపుల వాళ్లని, చర్చి ఫాదరీలని, సంఘాల నాయకుల్ని కలిసింది. ఫ్యాక్టరీలో పనివాళ్లు నోరు విప్పరు, ఉద్యోగం పోతుందని భయం. అందుకని వాళ్ల ఇళ్లకే వెళ్లింది. ఎప్పట్నుంచి తిండి సయించడం లేదు, ఎప్పుడు చెయ్యి వణకడం మొదలైంది, ఏ పనికి మారాక ఇలా అయ్యాడు... ఇవన్నీ ఇంట్లో ఆడవాళ్లకి తెలిసినంతగా ఎవరికి తెలుస్తాయి చెప్పండి?

సీసంతో నడిచే 70కి పైగా పనుల్ని ఆ సర్వే గుర్తించింది. 578 మందికి సీసం విషం ఎక్కిన సంగతి రుజువులతో బయటపెట్టింది. అన్నిటికన్నా ముఖ్యమైనది ఇంకొకటి. పనివాళ్లు చేతులు కడుక్కోకుండా తిండి తింటారు, అందుకే ఈ జబ్బులని యజమానులు తప్పంతా వాళ్ల మీదికే నెట్టేవారు. అసలు విషం ఎక్కుతున్నది చేతుల వల్ల కాదు, పీల్చే గాలి వల్లేనని ఆలిస్ చూపించింది. గాలిలో దుమ్మూ పొగా ఉన్నప్పుడు ఎంత సబ్బు ఇచ్చి ఏం లాభం? దుమ్ము లేచిన చోటే దాన్ని లాగేసే ఏర్పాటు చేయాలి. అది యజమాని పని, కూలివాడి పని కాదు.

ఇలా చెప్పిన ఆవిడ చేతిలో అధికారం ఏమైనా ఉందా అంటే లేదు. 1911 నుంచి కేంద్ర ప్రభుత్వ కార్మిక శాఖ కోసం దేశమంతా తిరిగినప్పుడు కూడా యజమాని రానిస్తేనే లోపల అడుగు పెట్టాలి. అరవడం, బెదిరించడం ఆవిడ పద్ధతి కాదు. నెమ్మదిగా మాట్లాడేది. చూసింది చూసినట్టు చెప్పేది. చాలామంది యజమానులు దుర్మార్గులు కారని, తెలియకే చేస్తున్నారని నమ్మేది. ఎడ్వర్డ్ కోర్నిష్ అనే పెద్దమనిషి సీసం కంపెనీలో పైస్థాయి అధికారి. తన పనివాళ్లకి జబ్బులంటే మొదట నమ్మలేదు. రుజువు చూపిస్తే మారుస్తానన్నాడు. ఆస్పత్రి పాలైన 22 మంది వివరాలు ఆలిస్ తెచ్చి ముందు పెట్టింది. ఆయన మాట తప్పలేదు. తన ఫ్యాక్టరీల్లో దుమ్ము అణిచే ఏర్పాట్లు చేయించాడు, డాక్టర్లని పెట్టాడు.

అందరూ అలా ఉండరుగా! రైలుపెట్టెలు తయారుచేసే పుల్‌మన్ కంపెనీలో రంగులు వేసేవాళ్ల పరిస్థితి దారుణంగా ఉండేది. హల్ హౌస్‌కి అండగా ఉన్న లూయీస్ బోవెన్ అనే సంపన్నురాలికి ఆ కంపెనీలో వాటాలున్నాయి. సంగతి తెలిసి ఆవిడ వాటాదారుగా కంపెనీ పెద్దల్ని నిలదీసింది. ఆ తర్వాతే అక్కడ మార్పులు వచ్చాయి. ఇద్దరు ఆడవాళ్లు, ఒకరి దగ్గర రుజువు, ఇంకొకరి దగ్గర వాటా... పని జరిగింది!

1911లోనే ఇల్లినాయ్‌లో చట్టం వచ్చింది. ప్రమాదకరమైన పనుల్లో జాగ్రత్తలు తీసుకోవడం, పనివాళ్లకి వైద్య పరీక్షలు చేయించడం యజమాని బాధ్యత అయ్యాయి.

సోమవారం జ్వరం

ఆ సర్వేలో ఇత్తడి పని చూసింది ఎమెరీ హేహర్స్ట్ అనే డాక్టరు. షికాగోలో ఇత్తడి పోతపోసే షాపులు ఎన్నో ఉండేవి. ఇత్తడి అంటే రాగీ, జింకూ. కరిగేటప్పుడు జింకు తెల్లటి పొగలా లేస్తుంది. అది పీల్చినవాడికి పనిలో ఉన్నంతసేపూ ఏమీ తెలియదు. సాయంత్రం ఇంటికెళ్లాక నోట్లో లోహపు రుచి, ఒళ్లునొప్పులు, చలి, వణుకు, జ్వరం! తెల్లారేసరికి తగ్గిపోతుంది. కొన్నాళ్లకి ఒంటికి అలవాటై జ్వరం రాదు. ఆదివారం సెలవు రాగానే ఆ అలవాటు పోయి, సోమవారం మళ్లీ మొదటికొస్తుంది. అందుకే పాశ్చాత్యులు దీన్ని సోమవారం జ్వరమని కూడా పిలిచేవాళ్లు.

మన దగ్గరైతే ఇలాంటి జ్వరాన్ని మలేరియా అనుకుంటాం, ఎండదెబ్బ అనుకుంటాం. మర్నాటికి తగ్గింది కదా అని మరిచిపోతాం. వారం వారం ఎందుకొస్తోందని ఆలోచించేది ఎవరు?

ఆలిస్ చూసిన వాటిలో ఇనప స్నానపు తొట్ల పని ఒకటి. ధనవంతుల ఇళ్లలో తెల్లగా మెరిసిపోయే ఆ తొట్టిని ఇనుముతో పోతపోసి, ఎర్రగా కాల్చి, ఆ సెగలో నిలబడి దానిమీద పింగాణీ పొడి చల్లేవారు. పొడిలో సీసం ఉండేది. వేడికి ఎగదోసిన ఆ పొడినంతా మనిషి నోరు తెరిచి పీల్చాల్సిందే. ఎవరి ఇంటి మెరుపుకో ఎవరి ఊపిరో మూల్యం!

నారింజరంగు పొగ వెంట

మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. అమెరికాలో మందుగుండు ఫ్యాక్టరీలు రాత్రికి రాత్రి పుట్టుకొచ్చాయి. ఎక్కడున్నాయో చెప్పరు, అంతా రహస్యం. ఆలిస్ ఏం చేసిందో తెలుసా? ఆకాశం వైపు చూసింది! నైట్రిక్ ఆమ్లం వాడేచోట నారింజరంగు పొగలు లేస్తాయి. ఆ పొగ గుర్తుపట్టి వెళ్లేది. రైలు స్టేషన్లలో ఒళ్లూ జుట్టూ పసుపు పూసుకున్నట్టున్న మనుషులు కనిపిస్తే వాళ్ల వెంట వెళ్లేది. వాళ్లు పిక్రిక్ ఆమ్లం పనిలో ఉన్నట్టు లెక్క. ఆ నారింజ పొగ పీల్చినవాడు అప్పటికి బాగానే ఉండి, కొన్ని గంటలకి ఊపిరితిత్తుల్లో నీరు చేరి చనిపోయేవాడు. వాళ్ల చావులకి గుండె ఆగిందనో న్యుమోనియా అనో రాసేసేవాళ్లు. అసలు కారణాన్ని ఆలిస్ కాగితం మీదికి ఎక్కించింది.

1919లో హార్వర్డ్ విశ్వవిద్యాలయం ఆవిడని అసిస్టెంట్ ప్రొఫెసరుగా పిలిచింది. ఈ శాస్త్రం తెలిసిన మగవాడు ఇంకొకడు దొరికితేగా! అక్కడ ఉద్యోగం పొందిన మొదటి మహిళా అధ్యాపకురాలు ఆవిడే. అయితే షరతులు పెట్టారు. అధ్యాపకుల క్లబ్బులో అడుగు పెట్టకూడదు. ఫుట్‌బాల్ టికెట్లు అడక్కూడదు. స్నాతకోత్సవం ఊరేగింపులో నడవకూడదు. ఆవిడ నవ్వి ఊరుకుంది. ఏడాదిలో సగం రోజులే పాఠాలు చెబుతాను, మిగతా సగం ఫ్యాక్టరీలు తిరుగుతానని తన షరతు తను పెట్టింది! 1935లో రిటైరయ్యేదాకా పదోన్నతి మాత్రం ఇవ్వలేదు. అసిస్టెంట్ ప్రొఫెసరుగా చేరి అసిస్టెంట్ ప్రొఫెసరుగానే దిగిపోయింది.

ఆ మధ్యలోనే పెట్రోల్లో సీసం కలపడం మొదలైంది. 1925లో దాని మీద జరిగిన సమావేశంలో ఆలిస్ ముక్కుసూటిగా వ్యతిరేకించింది. ఊరు ఊరంతా సీసం పీలుస్తుందని హెచ్చరించింది. అప్పుడు వినలేదు. మన దేశంలో సీసం పెట్రోలు ఆగింది 2000లో. ప్రపంచంలో చివరిదైన అల్జీరియాలో 2021లో! ఒక డాక్టరమ్మ మాట చెవికెక్కడానికి దాదాపు వందేళ్లు పట్టింది.

జాప్లిన్, కోలారు

మిస్సోరి రాష్ట్రంలో జాప్లిన్ అనే ఊరు చుట్టూ సీసం, జింకు గనులు. ఆలిస్ అక్కడికి వెళ్లినప్పుడు రాతిదుమ్ము కప్పేసిన గుడిసెలు, దగ్గుతున్న గని కూలీలు కనిపించారు. అది సిలికోసిస్, దానికి తోడు క్షయ. దుమ్ము మగవాడికి పరిమితం, కానీ క్షయ ఆ ఒక్క గది గుడిసెలో భార్యకీ పిల్లలకీ పాకేది.

1940లో అదే ఊళ్లో కార్మిక మంత్రి ఫ్రాన్సిస్ పెర్కిన్స్ ఒక సమావేశం ఏర్పాటు చేసింది. అమెరికా మంత్రివర్గంలో మొదటి మహిళ ఈవిడే. 71 ఏళ్ల ఆలిస్ ఆ సమావేశానికి వెళ్లింది. ఇరవై ఏళ్లు దాటినా గుడిసెలూ దగ్గూ అలాగే ఉన్నాయి. ఇంటికొచ్చి ఊరుకోలేదు, ఆ దుఃఖాన్ని పత్రికలో రాసి దేశం ముందు పెట్టింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే మన కుప్పానికి కూతవేటు దూరంలో కోలారు బంగారు గనుల్లోనూ ఇదే కథ. 1940లలో అక్కడ 7,500 మందికి పైగా కార్మికుల్ని పరీక్షిస్తే వందకి 40 మందికి పైగా సిలికోసిస్ బయటపడింది. ఆ గనుల్లో దిగినవాళ్లలో తమిళులతోపాటు మన తెలుగు కుటుంబాల వాళ్లూ ఉన్నారు. 2001లో ఆ గనులు మూతపడ్డాయి. ఇసకా, రాతిదుమ్మూ మాత్రం ఫౌండ్రీల్లో, క్వారీల్లో, రాళ్లు కోసే షెడ్లలో ఇంకా లేస్తూనే ఉన్నాయి.

చివరిదాకా...

ఆలిస్ పెళ్లి చేసుకోలేదు. రిటైరయ్యాక కనెటికట్‌లోని హాడ్లైమ్ అనే పల్లెలో, నది ఒడ్డున ఉన్న ఇంట్లో చెల్లెలు మార్గరెట్‌తో ఉండేది. 1943లో తన జీవితకథ రాసింది. ఎనభయ్యో ఏట, 1949లో, హారియట్ హార్డీ అనే చిన్న డాక్టరమ్మతో కలిసి తన పాఠ్యపుస్తకాన్ని తిరగరాసింది. తన తర్వాత ఈ పని చేసే ఆడపిల్ల ఒకరు ఉండాలి కదా!

1970 సెప్టెంబరు 22న, 101 ఏళ్ల వయసులో ఆవిడ కన్నుమూసింది. ఆ తర్వాత మూడు నెలలకి, డిసెంబరు 29న, పనిచేసే చోట భద్రతకి అమెరికా అంతటికీ వర్తించే చట్టం మీద అధ్యక్షుడి సంతకం పడింది. ఆలిస్ అరవై ఏళ్ల కిందట ఒంటరిగా అడిగినవే అందులో చాలా ఉన్నాయి. 1995లో ఆవిడ బొమ్మతో తపాలా బిళ్ల కూడా వచ్చింది.

మన గుమ్మంలో...

ఇంత కథా చెప్పుకున్నది ఎందుకంటే, ఆలిస్ వేసిన ప్రశ్న ఇవాళ మనమూ వేయాలి. డాక్టరు అడక్కపోతే మనమే చెప్పాలి. మీ ఆయనో, అన్నో, కొడుకో ఫౌండ్రీలో చేసి ఉంటే ఏ ఏడాది నుంచి ఏ ఏడాది దాకా, ఏ పని, అచ్చులు పగలగొట్టడమా, రాకడమా, కరిగించడమా... అన్నీ ఓ కాగితం మీద రాసి చీటీతోపాటు డాక్టరు ముందు పెట్టండి. పాత ఉద్యోగాలు కూడా రాయండి. పని మానేసిన చాలా ఏళ్లకి కూడా ఈ జబ్బు బయటపడుతుంది. కఫం పరీక్షతోపాటు ఛాతీ ఎక్స్‌రే కూడా తీయించమని అడగండి. పాత ఎక్స్‌రేలు పారేయొద్దు, కొత్తవాటితో పోల్చి చూడడానికి పనికొస్తాయి. క్షయ అని తేలితే మందులు మధ్యలో ఆపొద్దు. క్షయ లేదని తేలినా ఆయాసం తగ్గకపోతే అక్కడితో వదిలేయొద్దు.

ముక్కుకి తువ్వాలు చుట్టుకుంటే చాలనుకుంటారు మగవాళ్లు. కంటికి కనిపించని దుమ్ముని తువ్వాలు ఆపలేదు. సాయంత్రం బెల్లంముక్క తింటే దుమ్మంతా కడుక్కుపోతుందని కొన్నిచోట్ల నమ్మకం. బెల్లం గొంతుకి హాయిగా ఉంటుందేమో గానీ మచ్చకట్టిన ఊపిరితిత్తుల్ని మళ్లీ మెత్తబరచదు. దుమ్ము లేవకుండా ఇసకని తడపడం, లేచినచోటే లాగేసే ఫ్యాను పెట్టడం, సరైన మాస్కు ఇవ్వడం... ఇవే అసలు జాగ్రత్తలు. బీడీ, సిగరెట్టు మానితే సగం ఆయుష్షు మిగిలినట్టే. పనిబట్టలు ఇంట్లో దులపొద్దు. ఆరుబయట నీళ్లలో నానేసి ఉతకండి. ఆ దుమ్ము మీరూ, పిల్లలూ ఎందుకు పీల్చాలి?

సిలికోసిస్ వస్తే ప్రభుత్వానికి తెలపాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే చెప్పింది. దాని స్థానంలో వచ్చిన 2020 కోడ్ జాబితాలోనూ ఆ జబ్బు ఉంది. పనివల్ల వచ్చిన జబ్బుకి పరిహారం అడిగే హక్కూ ఉంది. కానీ ఆ హక్కు నిలబడాలంటే పని పేరు డాక్టరు చీటీ మీదికి ఎక్కాలి. గేటు పాసు, జీతం చీటీ, ఈఎస్ఐ కార్డు... ఏ చిన్న కాగితమైనా ట్రంకుపెట్టెలో భద్రంగా దాచండి.

దగ్గుని మొదట వినేది ఇంట్లో ఆడదే. మంచం పక్కన రాత్రంతా మేలుకుని లెక్కపెట్టేదీ ఆవిడే. నూటపది ఏళ్ల కిందట షికాగోలో ఆలిస్ వెతుక్కుంటూ వెళ్లింది ఆ ఆడవాళ్ల దగ్గరికే. మన గుమ్మంలోకి ఆలిస్ వస్తుందో రాదో... ఈలోగా చెప్పాల్సిన మాట మన దగ్గర సిద్ధంగా ఉంచుకుందాం.